ఐదో దండు ఏది?

మొన్న ఆదివారం ప్రార్థన ముగించుకుని వచ్చి, వసారాలో కుర్చీలో వాలి కునుకు తీస్తుంటే, లోపలి గదిలో మా మునిమనుమరాలు కంప్యూటరు తెర మీద ఉన్నదేదో ఫోనులో తన స్నేహితురాలికి గట్టిగా చదివి వినిపిస్తోంది. ఏదో యుద్ధం ఆటట, నెపోలియన్ సైన్యమట. ఒకటో కోర్, రెండో కోర్, మూడో కోర్, నాలుగో కోర్, ఆరో కోర్ అని ఆ పిల్ల గడగడా చదువుకుంటూ పోతుంటే నా కునుకు కాస్తా ఎగిరిపోయింది. నాలుగు తర్వాత ఆరు వచ్చిందని ఆ పిల్లా గమనించలేదు, అవతలి పిల్లా గమనించినట్టు లేదు. పాపం వాళ్లదేం తప్పు, వాళ్లకది ఆట. ఎనభై దాటి చాన్నాళ్లయిన నాకు మాత్రం అది ఆట కాదు. నా ఈడు వాళ్లకు చెప్పక్కర్లేదు, ఈ వయసులో నిన్న తిన్న కూరేదో గుర్తుండదు, పన్నెండేళ్లప్పుడు పడ్డ మాట మాత్రం నిన్ననే పడ్డట్టు ఉంటుంది. ఆ పూట అన్నం సహించలేదు, ఒంట్లో బాగాలేదని చెప్పి పడుకున్నాను.

మా బాపు చేవెళ్లలో మిషను బడి పంతులు. సొంత ఊరు మొయినాబాద్ పక్కన ఎంకపల్లి, బడి కోసం చేవెళ్లలో చిన్న కిరాయి ఇంట్లో ఉండేవాళ్లం. బాపు, అవ్వ అని మేము పిలుచుకునే అమ్మ, నాకంటే రెండేళ్లు పెద్దయిన అన్న, నేను, అంతే సంసారం. లోకమంతా రెండో పెద్ద యుద్ధంలో మునిగి ఉన్న రోజులవి. పట్నం నుంచి ఎప్పుడో ఒకసారి చేతులు మారి మారి వచ్చే పాత పత్రికలో యుద్ధం వార్తలు చదివి, ఏ పటాలం ఎక్కడ ఉన్నదో తెలుసుకోవాలని బాపుకు మహా ఆరాటం. అది చూసి, తన దేశానికి తిరిగిపోతున్న మిషను దొర ఒకాయన, అట్ట ఊడిపోయిన లావాటి ఇంగ్లీషు పుస్తకం ఒకటి బాపు చేతిలో పెట్టి పోయాడు. అది నెపోలియన్ చేసిన యుద్ధాల పుస్తకం. ముందు పేజీలు లేవు గనుక దాని పేరేమిటో రాసిందెవరో మాకెవరికీ తెలియదు. చివర మాత్రం పేజీలకు పేజీలు పట్టికలు, పేర్లు, అంకెలు ఉండేవి. వాటిని ఆర్డర్ ఆఫ్ బాటిల్ అంటారని బాపు చెప్పాడు, దండు కూర్పు అని తనే ఒక తెలుగు పేరు కూడా పెట్టుకున్నాడు.

ఆ పట్టిక చూస్తే మొదట్లో మాకు తలాతోకా తెలిసేది కాదు. అప్పుడు బాపు తనకు తెలిసిన లోకంలోంచే దానికి దారి వెతికాడు. కోర్ అంటే దండు, దాన్ని తాలూకా అనుకోండి అన్నాడు, తాలూకాలో ఊళ్లున్నట్టు దండులో డివిజన్లు, ఊళ్లో వాడలున్నట్టు డివిజన్‌లో బ్రిగేడ్లు, వాడలో ఇండ్లున్నట్టు బ్రిగేడ్‌లో పటాలాలు. ప్రతి దానికీ ఒక పెద్దమనిషి ఉంటాడు, పట్టికలో ఎడమ పక్కన ఉన్న పేరు ఆయనది, కుడి పక్కన ఉన్న అంకె ఆయన కింద ఎన్ని పటాలాలున్నాయో చెబుతుంది. ఇంత తేలిగ్గా చెప్పే పంతుళ్లను ఆ తర్వాత నా బతుకులో నేను చూడలేదు, ఆ మాట ఎవరి ముందైనా చెబుతాను. నా కడుపుమంట వేరు, బాపు చదువు చెప్పే తీరు వేరు.

చదివింది ఒట్టినే వదిలేస్తే ఎట్లా నిలుస్తుందని, పాత దుప్పటి నేల మీద పరిచి దాని మీద యుద్ధం పెట్టడం మొదలుపెట్టాం. ఫ్రెంచి పటాలానికి ఒక చింతగింజ, గుర్రాల దళానికి ఒక సీతాఫలం గింజ, ఫిరంగులకు గచ్చకాయలు. ఇంగ్లీషు వాళ్లకు గుమ్మడి గింజలు, వాళ్లకు తోడొచ్చిన ప్రష్యా వాళ్లకు మచ్చల ఆముదం గింజలు. అవ్వ పాత రవికల గుడ్డతో ఒక్కో జాతికి ఒక్కో సంచి కుట్టి ఇచ్చింది, విత్తనాలకని దాచుకున్న గుమ్మడి గింజలు ముట్టుకుంటే మాత్రం ఊరుకునేది కాదు. ఆదివారం ప్రార్థన గుడి నుంచి రాగానే అన్నం తిని దుప్పటి చుట్టూ చేరేవాళ్లం. బాపు ఇంగ్లీషు చదివి తెలుగులో చెప్పేవాడు, మేమిద్దరం గింజలు పెట్టేవాళ్లం. పొరుగింటి వాళ్లు పంతులు ఇంట్లో ఏదో కొత్త రకం పచ్చీసు ఆడుతున్నారని అనుకునేవాళ్లు.

అయితే మొదటి వానాకాలమంతా మేము పెట్టింది తప్పు. మా గుడిలో సంఘ పెద్దలు ముందు వరుసలో, వాళ్ల వెనక మగవాళ్లు, ఆ వెనక పిల్లలు, ఇంకో పక్క ఆడవాళ్లు కూర్చునేవాళ్లు, ఎవరి చోటు వాళ్లది, ఎవరూ తప్పేవాళ్లు కాదు. సైన్యం కూడా అట్లాగే నిలబడుతుందనుకుని ఒకటో దండును ముందు, రెండో దండును దాని వెనక, మూడో దాన్ని ఇంకా వెనక, గుడిలో జనాన్ని కూర్చోబెట్టినట్టు వరుసగా పేర్చేవాళ్లం. కథ చదివితేనేమో వాటర్లూలో ముందు యుద్ధానికి దిగింది ఎడమ పక్కనున్న రెండో దండు. ముందున్న ఒకటో దండును దాటి వెనకది ఎట్లా పోయిందని మా ముగ్గురికీ తల బద్దలయ్యేది. అది విడదీసింది నేనే. మా చిన్నాయన ఇంట్లో పెద్ద కొడుకు పెద్దయ్య బక్కగా ఉండి ఇంట్లో కూర్చునేవాడు, చిన్నయ్య నాగలి పట్టి ముందు నడిచేవాడు. అది గుర్తొచ్చి, ఒకటి రెండు అనేవి వాటి పేర్లే గానీ నిలబడే చోట్లు కావేమో బాపూ అన్నాను. బాపు కాసేపు పట్టికనూ నన్నూ మార్చి మార్చి చూసి, ఒకటో దండు గింజలన్నీ చేత్తో కుడి పక్కకు జరిపాడు. జరిపేసరికి కథ నడిచింది.

ఇక ఆ పట్టిక నాకు నిద్రలో కూడా కనిపించేది. అట్లా చూస్తున్నప్పుడే ఒకనాడు నాలుగో దండు కింద ఆరో దండు అని ఉండటం కంటపడింది. ఐదోది ఏది బాపూ అని అడిగాను. అచ్చు తప్పన్నాడు అన్న. అచ్చు తప్పే అయి ఉంటుందన్నాడు బాపు కూడా. నేను ఒప్పుకోలేదు. అచ్చు తప్పయితే అంకె తప్పు పడుతుంది గానీ దండుకు దండే పోతుందా? బడికి పోయేటప్పుడు ఐదోది ఏది, అన్నం వడ్డిస్తుంటే ఐదోది ఏది, అవ్వ జొన్నలు విసురుతుంటే పక్కన కూర్చుని ఐదోది ఏది. జిడ్డులా పట్టుకున్నావేందే అని అవ్వ మొత్తుకునేది. చివరికి బాపు నా పోరు పడలేక అంతకు ముందు అధ్యాయం మొదటి నుంచీ చదివి, కింద చిన్న అక్షరాలతో వేసిన మాటల్లో దాన్ని పట్టుకున్నాడు. ఐదో దండు దేశం సరిహద్దున రైను నది కాపలాకు వెళ్లిందట. అది ఉండీ యుద్ధానికి లేదు. అప్పుడు నాకు ఇంకో అనుమానం వచ్చింది, పట్టికలో పేరు లేనిది అక్కడ లేదు సరే, పేరున్నవన్నీ అక్కడ ఉన్నట్టేనా అని. చదివి చూస్తే మూడో దండూ నాలుగో దండూ గ్రూషీ అనే సేనాపతి వెంట ప్రష్యా వాళ్లను తరుముతూ ఎటో పోయి, ఆ సాయంత్రం దాకా తిరిగి రానేలేదు. ఆ రెండు దండుల గింజలూ ఏరి దుప్పటి చివరకు తీసుకుపోయి పెట్టాం. నడుమ ఎంత ఖాళీ అయిందో అప్పుడు కళ్లకు కట్టింది. ఆ రోజు బాపు నా నెత్తి మీద చెయ్యి వేసి, నా బిడ్డకు పట్టిక చదవడం వచ్చిందే అని అవ్వను పిలిచి మరీ చెప్పాడు. నేను ఆ మాట మీద ఏడాది బతికాను.

ఆ తర్వాత చలికాలంలో మిషను దొరసానమ్మ ఎప్పటిలాగే సంఘాలను చూడటానికి వచ్చి మొయినాబాద్‌లో డేరాలు వేసింది. ఈ పక్క ఊళ్ల నుంచి చదువులో చురుకైన ఒక పిల్లకో పిల్లాడికో పట్నంలో బోర్డింగు బడిలో మెట్రిక్ దాకా చోటు ఇస్తారని, ఆ ఒక్కరిని దొరసానమ్మే చూసి ఎంచుతుందని బాపుకు కబురొచ్చింది. మా ఇద్దరినీ కూర్చోబెట్టి, ఎవరికొస్తే వాళ్లకే, దీనిలో ఏడుపుల్లేవ్ అన్నాడు. దుప్పటి మీద వాటర్లూ పెట్టి చూపించాలని అనుకున్నది కూడా బాపే. అన్న ఇంగ్లీషు వాళ్లవైపూ ప్రష్యా వాళ్లవైపూ చెప్పాలి, నేను ఫ్రెంచి వైపు చెప్పాలి. గుడి వరుసలు పోయి చోట్లు ఎట్లా తెలిసినవీ, ఐదో దండు ఏమైందీ, మూడూ నాలుగూ ఎటు పోయినవీ అన్నీ నావి. వారం రోజులూ అదే పని. పట్నం బడి ఎట్లుంటుందో నాకు తెలియదు, అక్కడ పుస్తకాల బీరువా ఉంటుందని ఎవరో చెప్పారు, దాని కోసమే నేను పోవాలనుకున్నాను. అంతకంటే ఎక్కువ ఆశ నా బతుకులో మరి దేని మీదా పెట్టుకోలేదు.

ఎడ్లబండిలో మొయినాబాద్ పోయాం. డేరా ముందు ఎండలో దుప్పటి పరిచి గింజలన్నీ నేనే పెట్టాను. అన్నకు పటాలాల లెక్క ఎప్పుడూ తప్పేది, నాకు చెయ్యి తిరిగిన పని. దొరసానమ్మ గౌను సర్దుకుని మోకాళ్ల మీద కూర్చుంది, సంఘ పెద్దలు చుట్టూ నిలబడ్డారు. అన్న మొదలుపెట్టాడు. గుమ్మడి గింజల సంగతి చెప్పాడు, ఆముదం గింజల సంగతి చెప్పాడు, బాగానే చెప్పాడు. చెప్పి ఆగలేదు. ఊపిరి కూడా పీల్చుకోకుండా చింతగింజల మీదికి వచ్చేశాడు. మొదట నాకు అర్థం కాలేదు, భయంలో మరిచిపోయాడేమో అనుకున్నాను. మెల్లగా చెయ్యి లాగి, అన్నా, గది నాది గదా అన్నాను.

"జర ఆగవే, చెప్తున్న గద" అన్నాడు నా వైపు చూడకుండా.

చూస్తుండగానే నా దండును వాడు నడిపించాడు. నేను అడిగిన ప్రశ్న వాడు అడిగాడు. పట్టికలో ఐదో దండు లేదని నేను పట్టిన దొరసానమ్మా, అచ్చు తప్పని అందరన్నరు, నేను ఒప్పుకోలే అన్నాడు. అచ్చు తప్పన్నది వాడే! దొరసానమ్మ కళ్లు మెరిశాయి, చప్పట్లు కొట్టినంత పని చేసింది. తర్వాత నన్ను చూసి, తన పుస్తకాల తెలుగులో, "చిన్నదానా, నీవేమి చేసితివి?" అని నవ్వుతూ అడిగింది. నేను నోరు తెరిచేలోపే అన్నే జవాబు చెప్పాడు. "గింజలు ఏరింది దొరసానమ్మా. జర సాయం చేసింది."

అప్పుడు నేను బాపు వైపు చూశాను. బాపుకు అన్నీ తెలుసు. ఒక్క మాట అంటే చాలు. దొరసానమ్మ కూడా నా చూపు వెంట బాపు వైపే చూసింది. బాపు భుజం మీది తువ్వాలు తీసి మడత పెట్టుకుంటూ, "అవునమ్మా, సాయం చేసింది" అన్నాడు.

ఆ మాట విన్నాక ఏం జరిగిందో నాకు సరిగా గుర్తు లేదు. గింజలు ఎవరు ఎత్తారో, బండి ఎప్పుడు కట్టారో తెలియదు. అన్నకు చోటు వచ్చిందని దారి పొడుగునా బండివాడు దీవెనలు పెడుతూనే ఉన్నాడు. నమ్ముకున్న సేనాపతి రాకపోతే నెపోలియన్‌కు ఎట్లుండి ఉంటుందో పుస్తకంలో రాయలేదు, నన్ను అడిగితే నేను చెబుతాను. ఇంటికి రాగానే సంచి విప్పి నెపోలియన్ చింతగింజల పటాలాలన్నిటినీ పెంక మీద పోసి, మాడేదాకా వేయించి, పొట్టు తీసి కూర్చుని తిన్నాను. దవడలు పీకాయి గానీ ఒక్క పటాలాన్ని కూడా వదల్లేదు.

అన్న పట్నం పోయాడు. నేను బాపుతో మాటలు మానేశాను, మంచినీళ్లు అడిగినా చెంబు గడప మీద పెట్టి వచ్చేదాన్ని. అది చూడలేక ఒకరోజు అవ్వ నన్ను వంటింట్లోకి లాగి కసిరింది. "బాపు మీద ఎందుకే గంత కోపం? అన్న చేసింది ఆయన చెప్పంగనే గద. ఆడపిల్లవు, పట్నంల ఒక్కదానివి ఎట్లుంటవని ఆయన ఫికరు" అంది. అంటే బాపూ అన్నా ముందే అనుకున్నారన్నమాట. మరి నన్నెందుకు తోలుకపోయిండ్రు అని అడిగాను. అవ్వ మనసులో ఏ కల్మషమూ లేకుండా, ఇదీ ఒక ప్రశ్నేనా అన్నట్టు, "గింజలు పెట్టుడు అన్నకు రాదు గదనే" అంది.

కంచే చేను మేస్తే ఎవరికి చెప్పుకోవాలి? అన్న మీద అప్పటిదాకా ఉన్న కోపంలో సగం బాపు మీదికి మళ్లింది. అన్న పిల్లవాడు, చోటు కోసం నోరు జారాడని సరిపెట్టుకోవచ్చు. బాపు వద్దనుకుంటే వద్దని నా మొహం మీద చెప్పి ఉండవచ్చు, నాలుగు రోజులు ఏడ్చి ఊరుకునేదాన్ని. ఎవరికొస్తే వాళ్లకే అని ఎందుకు అన్నట్టు? వారం రోజులు నా చేత ఎందుకు చెప్పించినట్టు?

ఆ ఎండాకాలం కొత్త చింతపండు కొట్టే రోజుల్లో, బాపు నలుగురి ఇళ్లు తిరిగి గింజలు పోగుచేసుకొచ్చాడు. ఒక ఆదివారం మధ్యాహ్నం తనే దుప్పటి పరిచి, తనే పుస్తకం తెరిచి, ఒక్కడే పెట్టుకోవడం మొదలుపెట్టాడు. నేను గడపలో నిలబడి చూశాను. అన్నీ తప్పులే. ఒకటో దండును మళ్లీ తీసుకొచ్చి ముందు పెట్టాడు. "ఐదోది ఏడ పెట్టాలెనో ఏమో" అని పైకి అన్నాడు, ఎవరితోనూ కాదన్నట్టు. పోయి కూర్చుని ఆ గింజలు సర్దితే బాపు ఎంత సంతోషించేవాడో నాకు తెలుసు. పోలేదు. ఇవాళ తలుచుకున్నా పోవాల్సిందని అనిపించదు. బాపు చీకటిపడే ముందు దుప్పటి దులిపి మడత పెట్టాడు, మళ్లీ ఎన్నడూ పరచలేదు.

నిజాం రాజ్యం పోయిన తర్వాతి చలికాలంలో బాపు కాలం చేశాడు. మంచం పట్టిన రోజుల్లో నేనే చేశాను అన్నీ, ఒళ్లు తుడిచాను, గంజి తాగించాను, కీర్తనలు పాడాను. ఆ మాట ఆయన ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. నేను ఏడో తరగతితో ఆగిపోయి, పంతులమ్మ శిక్షణ పొంది, ఆలూరులో చిన్నపిల్లలకు అక్షరాలు దిద్దించాను. పెండ్లయింది, పిల్లలయ్యారు, బతుకు బాగానే నడిచింది, లేదంటే దేవుడు నవ్వుతాడు. అన్న పట్నంలో కాలేజీలో చరిత్ర చెప్పేవాడయ్యాడు. నెపోలియన్ పాఠం చెబితే పక్క తరగతి పిల్లలు కూడా వచ్చి కిటికీలో నిలబడేవాళ్లని వాళ్ల ఇంట్లో గొప్పగా చెప్పుకునేవాళ్లు. పండుగకు వచ్చేవాడు, నాకు చీర తెచ్చేవాడు, నేను కట్టుకునేదాన్ని. ఏనాటికైనా ఒక్కసారి, ఎవరూ లేనప్పుడు, చెల్లె, తప్పయిందే అంటాడని నలభై ఏళ్లు ఎదురుచూశాను. వాడి మనసులో కూడా ఆ ముల్లు ఉండే ఉంటుందని నాకు గట్టి నమ్మకం ఉండేది.

వాడు ఉద్యోగం విరమించిన రోజున కాలేజీలో సభ పెట్టారు. నన్ను ముందు వరుసలో కూర్చోబెట్టారు. దండలు వేయించుకుని మైకు ముందుకు వచ్చి అన్న తన చిన్నతనం చెప్పాడు, చేవెళ్ల బడి, అట్టలేని పుస్తకం, దుప్పటి మీద గింజలు. చరిత్ర అంటే ఏమిటో నాకు ఒక ప్రశ్నతో తెలిసింది, పదమూడేళ్లప్పుడు ఐదో దండు ఏదని మా నాన్నను అడిగాను అన్నాడు. సభంతా చప్పట్లు. నా వైపు చెయ్యి చూపి, అదుగో మా చెల్లె, గింజలు ఏరిపెట్టేది అని ప్రేమగా నవ్వాడు.

భోజనాల తర్వాత వాడిని పక్కకు పిలిచి అడిగాను. నలభై ఏళ్లు మింగిన మాట ఆ రోజు మింగుడు పడలేదు.

"అన్నా, ఐదోది ఏదని అడిగింది ఎవరు?"

"నేనే గదనే" అన్నాడు. నా మొహం చూసి ఏమనుకున్నాడో, భుజం తట్టి, "నీకు యాదికి లేదేమో, అప్పుడు నువ్వు చిన్నదానివి" అన్నాడు.

వాడి కళ్లలోకి చూశాను. తడబాటు లేదు, దాపరికం లేదు. వాడు అబద్ధమాడటం లేదు. దొరసానమ్మ ముందు ఆడినప్పుడు అబద్ధమే, ఏటేటా పిల్లలకు చెప్పీ చెప్పీ ఎక్కడో దారిలో అది వాడికి నిజమైపోయింది. అబద్ధమాడేవాడితో కొట్లాడవచ్చు, మరిచిపోయినవాడితో ఏమని కొట్లాడను? అవును అన్నా, యాదికి లేదు అని చెప్పి బస్సెక్కి చేవెళ్లకు వచ్చేశాను. దారంతా ఏడ్చాను, సిగ్గెందుకు చెప్పుకోవడానికి.

ఇప్పుడు పొద్దున్నే మొయినాబాద్ రోడ్డు మీద కాలేజీ బస్సులు బారులు తీరుతాయి. ఎంకపల్లి నుంచీ ఆలూరు నుంచీ ఆడపిల్లలు సంచులు భుజాన వేసుకుని, బాపును అడగకుండా, అన్నను వెంట తీసుకోకుండా ఎక్కి పోతుంటారు. ఎవరి మాట వాళ్లే చెబుతారు, అడ్డం వస్తే అన్ననైనా ఆగమంటారు. వాళ్లను చూస్తే నాకు సంతోషమే, అబద్ధమెందుకు, కాస్త కుళ్లు కూడా. ఆ ప్రశ్న ఎవరిదో తెలిసినవాళ్లు మా ఇంట్లోనే ఉండేవాళ్లు. బాపు తెలిసీ చెప్పకుండా పోయాడు. అవ్వకు అదొక విషయమని కూడా తోచలేదు. నాలుగేళ్ల కింద అన్న కూడా, అది తనదేననుకుంటూ, నెమ్మదిగా కన్ను మూశాడు. ఇక తెలిసినదాన్ని నేనొక్కదాన్నే మిగిలాను. నేను కూడా పోతే, అది నిజంగానే మా అన్నదైపోతుంది.